పీల్చే వైపు

మొన్న ఎండాకాలం మా ఇంట్లో ఒక లీకు పట్టుకోడానికి నాకు నెల పైనే పట్టింది. నీళ్ళ లీకైతే ఇంత కథ ఉండేది కాదు. నేల తడుస్తుంది, ఎవరో ఒకరి కాలికి తగులుతుంది, తుడిచేవాళ్ళయినా చెప్తారు. ఇది గాలి లీకు. ఎక్కడా చుక్క తడి లేదు. తడి లేదు కాబట్టి లీకు లేదనుకుని, లేని చోటల్లా వెతికాను.

మా హాల్లో నాలుగడుగుల చేపల తొట్టి ఉంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. అంచుదాకా నింపితే 243 లీటర్లు. అందులో ఆరు ఏంజెల్ చేపలు, ఒక డజను బ్లాక్ టెట్రాలు. ఇంత తొట్టికి లోపల తగిలించే చిన్న ఫిల్టర్లు చాలవు. అందుకని కానిస్టర్ ఫిల్టర్ పెట్టాను. అంటే స్టాండు కింద, తలుపు వెనక కూర్చునే ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా. తొట్టిలోంచి ఒక పైపు అంచు మీదుగా వంగి కిందికి దిగి డబ్బాలోకి వెళ్తుంది. నీళ్ళు స్పాంజీల గుండా, సిరామిక్ రింగుల గుండా వెళ్ళి, మూతలో ఉన్న మోటారు తోస్తే రెండో పైపులోంచి మళ్ళీ తొట్టిలోకి ఎక్కుతాయి. మోటారులో తిరిగేది చిటికెన వేలంత ఇంపెల్లరు. బాగున్నప్పుడు అసలు పనిచేస్తోందో లేదో చెవి పెట్టి వినాలి.

దానికి గాలి పడదు. పీల్చే పైపులో ఎక్కడన్నా కొంచెం గాలి చొరబడితే బుడగలుగా వచ్చి మోటారు గదిలో చేరుతుంది. నీళ్ళలో తిరగాల్సిన ఇంపెల్లరు నురగలో తిరుగుతుంది. గులకరాళ్ళు వేసి స్టీలు గ్లాసు ఊపినట్టు గరగరమంటుంది. ధార సన్నబడుతుంది. మరీ ఎక్కువైతే నీటిని తోయడం మానేస్తుంది. ధార ఆగిందంటే సమస్య శబ్దంతో పోదు. చేపల మలంలోంచి, మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియాని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది ఆ స్పాంజీల మీద, ఆ రింగుల మీదే. వాటికి ఆక్సిజన్ అందించేది ఆ ధారే.

ఏప్రిల్ చివర్లో నాన్న ఊర్నుంచి వచ్చాడు, కంట్లో శుక్లం తీయించుకోడానికి. అమ్మ గేదెల్ని వదిలి రాలేనంది. మాది రెండు గదుల ఫ్లాటు. నాన్నకి ఏసీ పడదు, హాల్లో దివాన్ మీదే పడుకుంటానన్నాడు. అంటే తొట్టికి ఆరడుగుల దూరంలో. ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు అని చెప్పి పంపారు.

నాన్న వచ్చిన మొదటివారంలోనే ఒక సాయంత్రం స్టాండు తలుపు తీసి ఆ డబ్బాని చూస్తున్నాడు. పైపు మీద చెయ్యి వేశాడు. నేను మీటింగులో ఉన్నాను. హెడ్‌సెట్ పక్కకి జరిపి, "నాన్నా, దాన్ని ముట్టుకోకు. నీకు తెలీదు, పాడైపోతుంది," అన్నాను. ఆయన తలుపు మూసేసి వెళ్ళి కూర్చున్నాడు. ఆ మాటని నేను ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

గరగర మొదలైంది మే మొదటివారంలో. నేను ఇంజనీర్ని కదా, పద్ధతిగా మొదలుపెట్టాను. ఫోన్లో ఒక నోట్ తెరిచాను. తేదీ, ఏం మార్చాను, ఏమైంది. ఉద్యోగంలో బగ్ వెతికేటప్పుడు ఏం చేస్తామో అదే.

మొదటి ఆదివారం తేలిక పనులు. ఎయిర్‌స్టోన్ పీల్చే పైపుకి దగ్గర్లో ఉంది. దాని బుడగలనే ఫిల్టరు లాగేసుకుంటోందేమో అని తొట్టి రెండో మూలకి మార్చాను. ఇంపెల్లరు తీసి, చుట్టూ పట్టిన జిగురు బ్రష్షుతో తోమాను. ఫిల్టరు పెట్టేశాక, ఎలాగూ నీళ్ళు తోడాను కదా అని తొట్టి నిండా నింపాను. శబ్దం పోయింది. నోట్‌లో "పరిష్కారమైంది" అని రాశాను. గురువారం రాత్రికి మళ్ళీ గరగర.

రెండో ఆదివారం మూత కింద ఓ-రింగు. ఎవర్నడిగినా మొదట దాని పేరే చెప్తారు. కొత్తది తెప్పించి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాను. తొట్టి నింపాను. శబ్దం పోయింది. బుధవారం రాత్రికి వచ్చింది.

ఇంకో వింత కూడా ఉంది. రాత్రి పడుకోబోయే ముందు వినిపించే శబ్దం పొద్దున్న లేచేసరికి ఉండేది కాదు. రాత్రి పదకొండింటికి గరగరలాడిన ఫిల్టరు పొద్దున్న ఆరింటికి బుద్ధిగా ఉండేది. నోట్‌లో దీన్ని కూడా రాశాను: "రాత్రి మాత్రమే. వోల్టేజీ?" ఎండాకాలం రాత్రుళ్ళు అందరి ఏసీలూ ఆన్‌లో ఉంటాయి, వోల్టేజీ తగ్గి మోటారు తడబడుతోందేమో అని ఒక సిద్ధాంతం కట్టాను. రెండు రాత్రులు మల్టీమీటరు పెట్టి ప్లగ్గు దగ్గర కొలిచాను కూడా. నాన్న దివాన్ మీద కూర్చుని చూస్తున్నాడు. ఏం కొలుస్తున్నావని అడగలేదు. నేనూ చెప్పలేదు.

మూడో ఆదివారం చెయ్యకూడని పని చేశాను. స్పాంజీలు పూడుకుపోయి నీళ్ళు అందడం లేదేమో అనుకుని, అన్నిటినీ, రింగులతో సహా, ఒకేసారి కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను. తొట్టిలోంచి తోడిన నీళ్ళలో, సగం ఇప్పుడు సగం తర్వాత పిండుకోవాలని నాకు తెలుసు. ఈ హాబీలో మొట్టమొదట నేర్చుకునేదే అది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బాక్టీరియాని చంపడానికే కలుపుతారు. తెలిసీ విసుగులో చేశాను. రెండ్రోజుల్లో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలెట్టాయి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా రంగు పసుపు ఉండాల్సింది ఆకుపచ్చకి తిరిగింది. రోజూ నాలుగో వంతు నీళ్ళు మార్చాను. అయినా రెండు ఏంజెల్స్ పోయాయి. మా అమ్మాయికి ఆరేళ్ళు. ఆ రెంటికీ పేర్లు పెట్టుకుంది. ఆ పేర్లు ఇక్కడ రాయను.

ఆ పదిరోజులూ ఫిల్టరు ఒక్కసారి కూడా శబ్దం చెయ్యలేదు. చూశారా, పూడిక వల్లే అనుకున్నాను. రెండు చేపలు పోయాయి గానీ బగ్ దొరికింది అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అమ్మోనియా సున్నాకి వచ్చింది, రోజూ నీళ్ళు మార్చడం ఆపేశాను. నాలుగో రోజు రాత్రి గరగర.

ఆ శనివారం పొద్దున్న టిఫిన్ దగ్గర మా అమ్మాయి అంది: "నాన్నా, తాతయ్య రాత్రిపూట చేపల డబ్బాని జోకొడతాడు."

నాకు అర్థం కాలేదు. నాన్న వైపు చూశాను. ఇడ్లీ వైపు చూస్తున్నాడు. "మంచినీళ్ళకి లేచినప్పుడు చూశా. కింద కూచుని ఇలా ఇలా ఊపుతాడు. అప్పుడది నిద్రపోతుంది," అని చేత్తో చూపించింది.

మోటారులో గాలి చేరినప్పుడు డబ్బాని రెండువైపులా కొంచెం వాలిస్తే, చేరిన గాలి పెద్ద బుడగగా బయటికి పోతుంది. కాసేపు నిశ్శబ్దం. ఈ చిట్కా నాకూ తెలుసు. నాన్నకి ఎవరూ చెప్పలేదు, ఆయనే కనుక్కున్నాడు. రాత్రి రెండింటికి, మూడింటికి లేచి, చీకట్లో నేల మీద కూర్చుని, స్టాండులోకి వంగి, నీళ్ళు నిండిన ఆ డబ్బాని వాలుస్తున్నాడు. ఆపరేషనై ఇంకా నెల తిరగని కంటితో. పొద్దున్నకి ఫిల్టరు బుద్ధిగా ఉండడానికి కారణం వోల్టేజీ కాదు.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

"పడుకున్నోణ్ణి లేపడం దేనికిరా. నువ్వు పొద్దస్తమానం ఆ పెట్టె ముందే కూచుంటావు," అన్నాడు. కాసేపాగి, "ముట్టుకోవద్దన్నావుగా. పొద్దున్న చెప్తే పాడుచేశానంటావేమోనని," అన్నాడు.

నా భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమన్నా అన్నా బాగుండేది.

కాఫీ తాగాక నాన్న దగ్గర కూర్చుని నా ఫోన్లో నోట్ మొత్తం చదివి వినిపించాను. ఏం చేశానో, ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో. ఆయన అంతా విని ఒకటే అడిగాడు: "అది అరిసినప్పుడు తొట్లో నీళ్ళు ఎందాకా ఉన్నాయి?"

నోట్‌లో ఆ గడి లేదు.

"నీళ్ళు తగ్గినప్పుడే అరుస్తోందిరా. నింపినరోజు అరవదు. అది గాలి తాగుతోంది."

ఆ మాట వినగానే నాకు మా ఊరి నుయ్యి గుర్తొచ్చింది. మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట. నా చిన్నప్పుడు పొగాకుకీ మొక్కజొన్నకీ నూతినీళ్ళే. గట్టు మీద ఐదు హెచ్‌పీ మోటారు, దాన్నుంచి నూతిలోకి దిగే పీల్చే పైపు, దాని చివర నీళ్ళు వెనక్కి జారకుండా ఫుట్‌వాల్వు. మా ఊళ్ళో అందరూ దాన్ని ఫుట్‌బాల్ అనేవాళ్ళు. నూతిలో ఫుట్‌బాల్ ఎందుకో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. పొద్దున్నే మోటారు ఆన్ చేస్తే గాలి తాగి ఊరికే తిరిగేది. బకెట్లతో పైపులో నీళ్ళు పోసి నింపాలి. ఫుట్‌వాల్వు సరిగ్గా మూసుకోకపోతే పోసిన నీళ్ళు పోసినట్టే జారిపోయేవి. అప్పుడు నాన్న పేడ కలిపిన నీళ్ళు పోసేవాడు. పేడలోని పీచు వెళ్ళి సందుల్లో ఇరుక్కుని కాసేపు ఆపేది, ఆ కాసేపట్లో మోటారు అందుకునేది. వేసవి ముదిరి నూతిలో నీళ్ళు దిగిపోతే ఏ పేడా పనిచేసేది కాదు. ఇరవై, ఇరవైరెండడుగులు దాటితే లాగదు అనేవాడు నాన్న. మోటారుని తాళ్ళతో నూతి లోపలి మెట్టు మీదికి దించేవాళ్ళు.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను ఇంజనీరింగులో చదువుకున్నాను. మోటారు నీళ్ళని లాగదు. పైపులో పీడనం తగ్గిస్తుంది, నూతిలో నీళ్ళని నొక్కుతున్న వాతావరణం వాటిని పైకి తోస్తుంది. పూర్తి శూన్యం చేసినా 10.3 మీటర్లకి మించి తోయలేదు. పైపు రాపిడి, అతుకుల్లో లీకులు, ఇవన్నీ పోగా ఆరేడు మీటర్లే మిగులుతాయి. గెలీలియో 1638లో అచ్చయిన తన ఆఖరి పుస్తకంలో ఒక పాత్ర చేత ఇలాంటి అనుభవమే చెప్పిస్తాడు. ఒకచోట పంపు పనిచెయ్యడం మానేస్తే అతను పంపు చెడిందనుకుంటాడు. బాగుచెయ్యడానికి పిలిచిన పనివాడు చూసి, తప్పు పంపుది కాదు, నీళ్ళు బాగా కిందికి దిగిపోయాయి, అంతకంటే ఎత్తుకి ఏ పంపూ లాగలేదు అని చెప్తాడు. పనివాడి పరిశీలన సరైంది. గెలీలియో ఇచ్చిన వివరణే తప్పింది: బరువుకి తాడు తెగినట్టు నీటి స్తంభం తెగిపోతుందనుకున్నాడు. గాలికి బరువుందని, ఆ బరువే నీటిని ఎత్తుతోందని చెప్పడానికి మరికొన్నేళ్ళకి టోరిచెల్లి రావాల్సి వచ్చింది. ఈ కథ నేను ఎప్పుడో చదివాను. చదివినా, నా తొట్టిలో నీళ్ళు ఎందాకా ఉన్నాయో చూడలేదు.

నాన్న చెప్పింది ఇంత: "తోసే వైపు లీకైతే నీళ్ళు బయటికి కారతాయి. పీల్చే వైపు లీకు కారదు, తాగుద్ది. పొడిగా ఉన్న అతుకునే చూడాలి."

కాగితం మీద వేసుకుంటే ఇదంతా తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం. నీటిమట్టం దగ్గర పీడనం బయటి గాలితో సమానం. అక్కణ్ణుంచి ప్రతి పది సెంటీమీటర్లు కిందికి దిగితే దాదాపు ఒక శాతం పెరుగుతుంది, పైకెక్కితే అంతే తగ్గుతుంది. డబ్బా మూత నీటిమట్టానికి మీటరు కింద ఉంది. అక్కడ లోపలి పీడనం బయటికన్నా పది శాతం ఎక్కువ. మోటారు లాగుడు అందులో కొంత తినేసినా, తొట్టిలో పీల్చే జాలి బాగా పూడుకుపోతే తప్ప, ఇంకా ఎక్కువే మిగులుతుంది. ఓ-రింగు చెడి ఉంటే నీళ్ళు స్టాండులోకి కారేవి. గాలి లోపలికి వెళ్ళేది కాదు. గాలి వెళ్ళగల చోటు పైన, తొట్టి అంచు దగ్గర, పైపు నీటిమట్టాన్ని దాటి వంగే చోటే. అక్కడ ఎప్పుడూ పీడనం తక్కువే. మోటారు ఆపినా తక్కువే.

నా ఫిల్టరుకి అంచు మీద వంగిన గట్టి ప్లాస్టిక్ గొట్టం ఉంది. బయటివైపు అది అయిపోయే చోట మెత్తటి పైపు తొడిగి ఉంటుంది. తొట్టి నిండా ఉన్నప్పుడు ఆ అతుకు నీటిమట్టంతో ఇంచుమించు సమానంగా ఉంటుంది. చేపలకి వేడి చెయ్యకుండా నేను తొట్టి మీదికి ఒక చిన్న ఫ్యాను పెట్టాను. హైదరాబాదు పొడి ఎండలో, ఆ ఫ్యాను గాలికి, వారంలో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు ఆవిరైపోయేవి. నీళ్ళు దిగేకొద్దీ అతుకు వాటికి పైనపడేది. ఆదివారం నింపగానే మళ్ళీ సమానం. ప్రతి ఆదివారం నేను ఒక కొత్త పని చేశాను, ప్రతి ఆదివారం తొట్టి నింపాను. పని చేసింది నింపడమే. అమ్మోనియా రోజుల్లో రోజూ నీళ్ళు మార్చాను కాబట్టి మట్టం దిగనే లేదు. ఒకేసారి రెండు మార్చి ఫలితాన్ని ఒకదానికే కట్టబెట్టకూడదని ఆఫీసులో జూనియర్లకి చెప్తుంటాను.

"అతుకు మీద సబ్బు నురగ వెయ్యి, లోపలికి లాక్కుంటే అక్కడే," అన్నాడు నాన్న. సబ్బు లోపలికి పోతే చేపలు పోతాయి అన్నాను. "అయితే తడిగుడ్డ చుట్టు. గాలి బదులు నీళ్ళు తాగుద్ది." పాత బనీను చింపి తడిపి అతుకు చుట్టూ కట్టాం. మీద గ్లాసుతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. ఐదారు నిమిషాలకి తొట్టిలోకి వచ్చే ధారలో సన్నటి బుడగలు ఆగిపోయాయి. డబ్బా ఒకసారి వాల్చితే శబ్దం పోయింది. గుడ్డ విప్పేశాం. పావుగంటకి మళ్ళీ వచ్చింది. నాలుగు వారాల్లో నేను చేసిన మొదటి సరైన ప్రయోగం అదే.

పైపు తీసి చూస్తే చివరి అంగుళం గట్టిపడి ఉంది. మెత్తగా గొట్టాన్ని పట్టుకోవాల్సింది, నోరు వెడల్పై ఊరికే కూర్చుంది. మరమ్మతుకి పావుగంట కూడా పట్టలేదు. కుళాయిలు కట్టి, గట్టిపడిన అంగుళం బ్లేడుతో కోసేసి, మిగిలిన చివర వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక గొట్టానికి ఎక్కించి, పైన హోస్ క్లిప్పు బిగించాను. ఎనభై రూపాయలకి రెండు క్లిప్పులు. నాన్న టార్చి పట్టుకున్నాడు. ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "జీఐ తీగుంటే రెండు చుట్లు చుట్టేవాణ్ణి," అన్నాడు, క్లిప్పు మీద నమ్మకం లేక.

తర్వాత కావాలనే పదిరోజులు నీళ్ళు పొయ్యలేదు. మట్టం ఐదు వేళ్ళు దిగింది. శబ్దం రాలేదు.

కన్ను బాగానే ఉంది. చెకప్‌లో డాక్టరుగారు అంతా సరిగ్గా ఉందన్నారు. రాత్రుళ్ళు వంగిన సంగతి నేనే చెప్పాను, నాన్న చెప్పేలా లేడు కాబట్టి. మృగశిర కార్తె వచ్చేసరికి దుక్కులున్నాయని ఊరికి బయల్దేరాడు. వెళ్ళేముందు తొట్టి అద్దానికి చుక్కలమందు అట్టపెట్టె మీది స్టిక్కరు ఒకటి అంటించి, నీళ్ళు దీని కిందికి దిగనివ్వకు అన్నాడు. క్లిప్పు ఉందిగా అంటే, ఉన్నా సరే అన్నాడు.

ఫోన్ చేస్తే నాన్న ఇప్పటికీ నీళ్ళు ఎందాకా ఉన్నాయని అడుగుతాడు. నేను కన్ను ఎలా ఉంది, నిద్ర పడుతోందా అని అడుగుతాను. బానే పడుతోంది అంటాడు. ఇదివరకైతే అక్కడితో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు అమ్మకి ఇమ్మని, అదే ప్రశ్న అమ్మని కూడా అడుగుతున్నాను.